ఫ్రాంక్‌ఫర్ట్ సర్వర్ గదిలో ఆల్ట్ ఎఫ్2

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను చూసుకున్న సర్వర్లు యూరప్‌లోనే ఉండేవి. ఒక్కదాన్నీ కంటితో చూసింది లేదు. ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే నెట్‌వర్క్ మీదుగా దూరం నుంచే లాగిన్ అవడం, పని చూసుకోవడం, టికెట్ మూసేయడం. నెట్‌వర్క్ పోయిందంటే అక్కడి డేటా సెంటర్‌లో ఎవరో ఒకరు లేచి వెళ్లి చూసేవాళ్లు. ఫ్రాంక్‌ఫర్ట్‌కి వచ్చాక అలా లేచి వెళ్లే పని నాకొచ్చింది. మన దగ్గర్నుంచి వచ్చే సిస్టమ్ అడ్మిన్లలో చాలామందికి క్లౌడ్ బాగా తెలుసు, స్క్రిప్టులు బాగా రాస్తారు. సర్వర్‌కి కీబోర్డు తగిలించి నల్ల తెర ముందు పనిచేయడం మాత్రం కొత్త. ఇక్కడ మనకు గౌరవం తెచ్చిపెట్టే నైపుణ్యాల్లో అదొకటని నేను గట్టిగా నమ్ముతాను.

ఫ్రాంక్‌ఫర్ట్ ఊరికే డేటా సెంటర్ల ఊరు కాలేదు. 1995లో మొదలైన డీఈ-సిక్స్ అనే ఇంటర్నెట్ ఎక్స్‌చేంజ్, అంటే నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి కలిసే చోటు, ఇక్కడ ఉంది. దాని చుట్టూ నెట్‌వర్క్ కంపెనీలు చేరాయి, వాటి వెంట సర్వర్లు వచ్చాయి. హనావర్ లాండ్‌ష్ట్రాసె మీద 11వ నంబర్ ట్రామ్‌లో తూర్పు వైపు వెళ్తుంటే కిటికీల్లేని పెద్ద పెద్ద భవనాలు కనిపిస్తాయి. లోపల ఫ్యాన్ల హోరులో పక్కవాళ్ల మాట వినపడదు. చక్రాల బల్ల మీద ఒక మానిటర్, ఒక కీబోర్డు ఉంటాయి. దాన్ని క్రాష్ కార్ట్ అంటారు. చెడిపోయిన మెషీన్ దగ్గరికి దాన్ని తోసుకెళ్లి, కేబుళ్లు తగిలించి పని మొదలుపెట్టాలి.

మా టీమ్ చూసుకునే ఫైర్‌వాల్స్, స్టోరేజ్ సర్వర్లు ఎక్కువగా ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి. మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే దాంట్లో ఎనిమిది వర్చువల్ కన్సోళ్లు సిద్ధంగా ఉంటాయి. ఆల్ట్ పట్టుకుని ఎఫ్1 నుంచి ఎఫ్8 వరకు ఏది నొక్కితే ఆ కన్సోల్ ముందుకొస్తుంది. మానిటర్ ఒకటే, కీబోర్డు ఒకటే, లాగిన్లు మాత్రం దేనికవే. ఏ కన్సోల్‌లో లాగిన్ ప్రాంప్ట్ రావాలో ఈటీసీ డైరెక్టరీలోని టీటీవైస్ ఫైల్ చెబుతుంది. అందులో ఒక్కో కన్సోల్‌కి ఒక్కో లైను: పేరు, దాని మీద నడవాల్సిన గెట్టీ ప్రోగ్రామ్ (లాగిన్ ప్రాంప్ట్ చూపేది), టెర్మినల్ రకం, ఆన్ లేదా ఆఫ్, చివర్లో సెక్యూర్ అనో ఇన్‌సెక్యూర్ అనో ఒక మాట. మార్పు చేశాక మెషీన్‌ని రీబూట్ చేయక్కర్లేదు. ఇనిట్‌కి, అంటే ఒకటో నంబర్ ప్రాసెస్‌కి, హ్యాంగప్ సిగ్నల్ పంపితే ఫైల్‌ని మళ్లీ చదువుకుంటుంది.

నా సీనియర్ ఒకాయన, తొంభైల నుంచి ఈ పనిలోనే ఉన్న జర్మన్, మొదట్లోనే ఒక పద్ధతి చూపించారు. ఎఫ్1లో ఏ పనీ పెట్టుకోకూడదు. కెర్నెల్, అంటే సిస్టమ్ గుండెకాయ, పంపే మెసేజ్‌లు వచ్చి పడేది అక్కడే. ఎడిటర్ తెరిచి కాన్ఫిగ్ రాస్తుంటే మధ్యలో డిస్క్ ఎర్రర్ లైన్లు వచ్చి తెరంతా కలగాపులగం అవుతుంది. ఎఫ్2లో పని, ఎఫ్3లో లాగ్ ఫైల్ నడుస్తూ ఉండాలి, ఎఫ్4లో నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే టాప్. ఇంకొకటి ఎప్పుడూ రూట్ (అన్ని అధికారాలూ ఉండే యూజర్) లాగిన్‌తో ఖాళీగా ఉంచుకోవాలి. ఎఫ్2లో కమాండ్ బిగుసుకుపోతే ఆ ఖాళీ కన్సోల్‌కి వెళ్లి దాన్ని చంపేయొచ్చు. ఫైర్‌వాల్ రూల్స్ మార్చేటప్పుడు ఈ పద్ధతి విలువ బాగా తెలుస్తుంది. రూల్ తప్పితే ఎస్ఎస్‌హెచ్ తెగిపోతుంది, కన్సోల్ మాత్రం తెగదు.

ఆయన చెబితేనే తెలిసింది, తొలినాళ్లలో ఫ్రీబీఎస్‌డీ లాంటి బీఎస్‌డీ కుటుంబపు సిస్టమ్‌లకు వర్చువల్ టెర్మినళ్లు ఇచ్చిన పీసీవీటీ డ్రైవర్ రాసినవాళ్లు హెల్‌ముట్ మిఖాయెలిస్, యోర్గ్ వున్ష్ అనే ఇద్దరు జర్మన్లని. 1983లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ220 టెర్మినల్‌ని పీసీ తెర మీద అచ్చంగా చూపించడం దాని పని. తర్వాత ఫ్రీబీఎస్‌డీలో సిస్‌కాన్స్ అనే కన్సోల్ డ్రైవర్ చాలాకాలం రాజ్యం చేసింది. 2016లో వచ్చిన 11.0 నుంచి వీటీ అనే కొత్త డ్రైవర్ దాని స్థానంలోకి వచ్చింది. ఆయన మాత్రం ఇప్పటికీ సిస్‌కాన్స్ రోజుల గురించి ఇష్టంగా మాట్లాడతారు.

పైకి వెళ్లిపోయిన లైన్లు చూడాలంటే స్క్రోల్ లాక్ నొక్కి, పేజ్ అప్‌తో వెనక్కి వెళ్లాలి. మళ్లీ స్క్రోల్ లాక్ నొక్కితే మామూలు స్థితికి వస్తుంది. బూట్ అయ్యేటప్పుడు జారిపోయిన ఎర్రర్ పట్టుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు. అయితే ఒకే కీబోర్డు, మానిటర్‌తో చాలా మెషీన్లు చూసుకునేందుకు ర్యాక్‌లో ఉండే కేవీఎం స్విచ్‌లు చాలావాటిలో స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కితే వేరే మెషీన్‌కి మారే ఏర్పాటు ఉంటుంది. తొందరలో నొక్కితే పక్క సర్వర్ తెర ముందుకొస్తుంది, అక్కడ కమాండ్ కొట్టేస్తే కష్టమే. అందుకే ప్రతి మెషీన్ లాగిన్ ప్రాంప్ట్‌లోనూ హోస్ట్‌నేమ్ కనపడాలని పట్టుబడతాను. లైనక్స్ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇంకో మాట: అక్కడ షిఫ్ట్ పేజ్ అప్‌తో వెనక్కి వెళ్లే సదుపాయాన్ని 2020లో, 5.9 కెర్నెల్‌లో తీసేశారు. ఆ అలవాటుతో కన్సోల్ ముందు కూర్చుంటే చేయి వృథాగా వెతుక్కుంటుంది.

ఇప్పుడు కీబోర్డు సంగతి. పరాయి దేశంలో పని అంటే ఏమిటో నాకు బాగా అర్థమైంది ఇక్కడే.

జర్మన్ కీబోర్డులో వై, జడ్ తారుమారుగా ఉంటాయి. స్లాష్ కావాలంటే షిఫ్ట్ పట్టుకుని 7 నొక్కాలి. ఎట్ గుర్తుకి ఆల్ట్‌జీఆర్‌తో (కుడివైపు ఆల్ట్ మీట) క్యూ, బ్యాక్‌స్లాష్‌కి ఆల్ట్‌జీఆర్‌తో ఎస్సెట్ అనే అక్షరం. సర్వర్‌లో, బూట్ సెట్టింగులుండే ఆర్‌సీ డాట్ కాన్ఫ్ ఫైల్‌లో కీమ్యాప్‌ని (ఏ మీటకి ఏ అక్షరమో చెప్పే పట్టిక) జర్మన్ అని పెడితే ఇక్కడివాళ్ల చేతులకు హాయి. మా సర్వర్లన్నీ మొదట అలాగే ఉండేవి. కానీ రాత్రిపూట వాటిని చూసుకునేది హైదరాబాద్ టీమ్. ఎస్ఎస్‌హెచ్‌లో వాళ్లకు ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే అక్షరం వాళ్ల లాప్‌టాప్‌లోనే తయారై వస్తుంది. నెట్‌వర్క్ పోయినప్పుడు వాళ్లు మేనేజ్‌మెంట్ కార్డు ద్వారా రిమోట్ కన్సోల్ తెరుస్తారు. ఆ కార్డు సర్వర్‌కి ఒక యూఎస్‌బీ కీబోర్డులా కనిపిస్తుంది. అది అక్షరాన్ని పంపదు, ఏ మీట నొక్కారో మాత్రమే చెబుతుంది. ఆ మీటని అక్షరంగా మార్చేది సర్వర్‌లోని కీమ్యాప్. మనవాళ్ల దగ్గరున్నదేమో అమెరికన్ కీబోర్డు. వాళ్లు స్లాష్ కొడితే ఇక్కడ హైఫన్ పడుతుంది.

ఇక్కడ రాత్రి రెండు గంటలకు హైదరాబాద్ నుంచి ఫోన్: "అన్నా, పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా, తీసుకోవట్లేదు. ఇంకోసారి తప్పితే ఎస్కలేషన్ అవుద్ది, టెన్షన్‌గా ఉంది." పాస్‌వర్డ్‌లో జడ్ ఉంది. వై నొక్కమన్నాను, లాగిన్ అయింది. ఆ కుర్రాడు నిజంగా పనిమంతుడు. మర్నాడు టికెట్‌లో మాత్రం ఆఫ్‌షోర్ టీమ్ ఆలస్యం అని రాసి ఉంది. అది నాకు చాలా బాధ కలిగించింది. ఒకప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నది నేను కాబట్టి ఆ మాట వాళ్లను ఎంత చిన్నబుచ్చుతుందో నాకు తెలుసు.

తర్వాతి వారం మీటింగ్‌లో విషయం పెట్టాను. సర్వర్లన్నిటిలో కీమ్యాప్ అమెరికన్‌గానే ఉంచుదాం, క్రాష్ కార్ట్‌లకు అమెరికన్ కీబోర్డులు కొందాం అన్నాను. జర్మన్ సర్వర్ గదిలో జర్మన్ కీబోర్డు ఎందుకు ఉండకూడదని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు సింగిల్ యూజర్ మోడ్‌లో, అంటే మెషీన్ బాగుచేయడానికి వాడే కనీస స్థితిలో ఉంది. ఫైల్‌సిస్టమ్ పాడై మెషీన్ సింగిల్ యూజర్‌లో ఆగినప్పుడు ఆర్‌సీ డాట్ కాన్ఫ్ ఇంకా చదవబడి ఉండదు, కాబట్టి కీమ్యాప్ అమెరికన్‌గానే ఉంటుంది. కీబోర్డు మీద రాసి ఉన్నది జర్మన్. అప్పుడు ఫైల్‌సిస్టమ్ బాగుచేసే కమాండ్‌ని ఎఫ్ఎస్‌సీకే, హైఫన్ వై, స్లాష్ అని కొట్టాలంటే హైఫన్‌కి ఎస్సెట్, వై కోసం జడ్, స్లాష్ కోసం హైఫన్ నొక్కాలి. జర్మన్ కీమ్యాప్ ఎక్కిద్దామా అంటే దానికి కావాల్సిన కేబీడీకంట్రోల్ ప్రోగ్రామ్ ఉండేది యూఎస్ఆర్ డైరెక్టరీ కింద. అది వేరే పార్టిషన్ అయితే ముందు దాన్ని మౌంట్ చేయాలి, అంటే సిస్టమ్‌కి తగిలించాలి, మౌంట్ చేయాలంటే స్లాష్ కొట్టాలి. అంటే మెషీన్ బాగున్నప్పుడు ఒక లేఅవుట్, చచ్చిపోయే పరిస్థితిలో ఇంకో లేఅవుట్. తెల్లబోర్డు మీద రెండు కీబోర్డులూ గీసి చూపించాను. సీనియర్ వెంటనే ఒప్పుకున్నారు. కీబోర్డులు కొనడానికి అయిన ఖర్చు ఒక మంచి భోజనం బిల్లు అంత కూడా లేదు.

దాంతో పాటు ఇంకో నియమం రాసుకున్నాం. కన్సోల్‌లో వాడే రూట్ పాస్‌వర్డ్‌లో వై, జడ్ వద్దు, చుక్క తప్ప గుర్తులు వద్దు, ఉమ్లౌట్ అక్షరాలు (పైన రెండు చుక్కలుండే జర్మన్ అక్షరాలు) అసలే వద్దు. బదులుగా పొడుగ్గా ఉండాలి. అమెరికన్ కీబోర్డు మీద కొట్టినా, జర్మన్ కీబోర్డు మీద కొట్టినా అదే పడాలి.

టీటీవైస్ ఫైల్లో కన్సోల్ అనే లైను ఒకటి ఉంటుంది. అది సెక్యూర్ అని ఉంటే సింగిల్ యూజర్‌లో పాస్‌వర్డ్ అడగకుండానే రూట్ ఇచ్చేస్తుంది. పలు కంపెనీల ర్యాకులు పక్కపక్కన ఉండే చోట దాన్ని ఇన్‌సెక్యూర్ చేయడం మంచిది. ఆ పాస్‌వర్డ్ కూడా అమెరికన్ లేఅవుట్‌లోనే కొట్టాలి కాబట్టి పై నియమం అక్కడా అక్కరకొస్తుంది. కంట్రోల్ ఆల్ట్ డిలీట్‌ని కూడా ఆపేయాలి. ఒకే కేవీఎం మీద విండోస్ మెషీన్లు ఉంటే, లాగిన్ కోసం ఆ మూడూ నొక్కడం చాలామందికి చేతి అలవాటు. ఎదురుగా ఉన్నది ఫ్రీబీఎస్‌డీ అయితే మారుమాట లేకుండా రీబూట్ అవుతుంది. కెర్న్ డాట్ వీటీ డాట్ కేబీడీ అండర్‌స్కోర్ రీబూట్ అనే సిస్‌సీటీఎల్‌ని (కెర్నెల్ సెట్టింగ్) సున్నా చేస్తే ఆ భయం పోతుంది. కాఫీకి వెళ్లేటప్పుడు లాక్ కమాండ్‌ని వీ ఆప్షన్‌తో వాడాలి. అప్పుడు వేరేవాళ్లు ఆల్ట్ నొక్కి మన పక్క కన్సోల్‌లోకి దూకలేరు.

ఒక లోటు గురించి కూడా చెప్పాలి. ఈ తెర మీద తెలుగు రాదు. వీటీ డ్రైవర్‌కి యూనికోడ్ తెలిసినా, ఒత్తులు, గుణింతాలు కలిపి అక్షరం కట్టే శక్తి దానికి లేదు. ఇంట్లో నా ఫ్రీబీఎస్‌డీ మెషీన్‌లో ఊరి ఫోటోల ఫోల్డర్లకు తెలుగు పేర్లే పెట్టుకున్నాను. గ్రాఫిక్ తెర మీద చక్కగా కనిపిస్తాయి, కన్సోల్‌కి మారితే చదవలేం. ఎవరైనా మనవాళ్లు దీని మీద పనిచేస్తే నా వంతు టెస్టింగ్ చేయడానికి సిద్ధం.

రాత్రి పిలుపు వచ్చి సర్వర్ గదికి వెళ్తే, మర్నాడు పొద్దున్నే ఆఫీసులో ఉండమని ఇక్కడ ఎవరూ అనరు. పని ముగిశాక మళ్లీ మొదలయ్యేలోపు 11 గంటల విశ్రాంతి ఉండాలని 1994 నాటి పని గంటల చట్టం చెబుతుంది. మనవాళ్లు మొహమాటానికి పోయి వెళ్లిపోతుంటారు. వెళ్లొద్దు. నిద్రలేని కళ్లతో రూట్ కన్సోల్ ముందు కూర్చోవడం ఎవరికీ మేలు కాదు.

వచ్చే నెల గుంటూరు నుంచి ఒక అబ్బాయి మా టీమ్‌లో చేరుతున్నాడు. బయలుదేరే ముందు ఏం చదవాలని అడిగాడు. వర్చువల్ మెషీన్‌లో ఫ్రీబీఎస్‌డీ వేసుకో, కీమ్యాప్ జర్మన్ పెట్టు, నీ కీబోర్డు మీద ఒక్కో గుర్తూ ఎక్కడ పడుతోందో కాగితం మీద రాసుకో, తర్వాత సింగిల్ యూజర్‌లో బూట్ చేసి అదే మళ్లీ చూడు అన్నాను. నిన్న ఆ కాగితం ఫోటో పంపాడు. పైప్ గుర్తు ఒక్కటీ దొరకలేదట. జర్మన్ కీబోర్డులో ఎడమ షిఫ్ట్ పక్కన ఒక మీట అదనంగా ఉంటుంది, ఆల్ట్‌జీఆర్‌తో దాన్ని నొక్కితే వస్తుంది, మన కీబోర్డుల్లో ఆ మీటే ఉండదు అని జవాబు పెట్టాను.