ఎర్ర సిరాతో రిపీట్

ఫిజిక్స్ మాస్టారి బండిని మన 1981-83 ఎంపీసీ బ్యాచ్‌లో మరిచిపోయినవాడు ఉండడు. ఆయన కాలవ వంతెన ఎక్కారంటే ఇక్కడ లేబ్‌లో మనకి తెలిసిపోయేది. తరవాతి దెబ్బ పడుతుందో లేదో అన్నంత నింపాదిగా కొట్టుకునేది ఆ ఇంజను. వంతెన దిగేలోపు బీడీలు ఆర్పేసి బెంచీల దగ్గరికి చేరడానికి సరిగ్గా టైము సరిపోయేది. మనం దాన్ని బుల్లెట్ అనుకునేవాళ్లం. కాదు, అది బీఎస్ఏ ఎం20 మోటారు సైకిలు.

ఆ బండి గురించి రాసేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. మొదటి ప్రాక్టికల్ వెర్నియర్ కాలిపర్స్ కదా, దవడల మధ్య పెట్టి మందం, వ్యాసం కొలిచే పరికరం. నేను కొలవలేదు. పక్కవాడి రికార్డు చూసి రీడింగులు దింపేశాను. నాది ఏడో నంబరు వెర్నియర్, వాడిది మూడో నంబరు. రెండింటికీ జీరో ఎర్రర్ (దవడలు మూసినప్పుడు సున్నాకి వచ్చే తేడా) వేరు. మా ఇద్దరి అంకెలు మాత్రం రెండో డెసిమల్ దాకా ఒకటే. మాస్టారు ఏమీ అనలేదు. ఎర్ర సిరాతో ‘రిపీట్’ అని రాసి రికార్డు చేతికిచ్చారు. నేను ఇంటికెళ్లి చివరి అంకెలు అటూ ఇటూ మార్చి మళ్లీ చూపించాను. సంతకం పెట్టారు. తెలిసే పెట్టారని ఇప్పుడు అనుకుంటాను.

2016లో మాస్టారి భార్య, అమ్మగారిని చూడ్డానికి వెళ్లాను. మాస్టారు పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. పెరట్లో పశువుల పాకలో, కొబ్బరి మట్టల కింద బండి కనిపించింది. సీటు తోలు ఎలకలు కొట్టేశాయి. సైలెన్సర్ చిల్లులు పడింది. టూల్‌బాక్సులో కోడి పొదిగిన గుర్తులున్నాయి. ‘‘పాత ఇనుము వాడు రెండుసార్లు అడిగాడు నాయనా, ఇవ్వబుద్ధి కాలేదు. నువ్వు తీసుకెళ్తావా?’’ అన్నారు. ట్రాలీ ఆటో మాట్లాడుకుని తెచ్చేసుకున్నాను.

టాంకు మీద నల్ల రంగు గోకితే కింద ఎరుపు, దాని కింద మిలిటరీ పచ్చ బయటపడ్డాయి. రెండో ప్రపంచయుద్ధంలో బర్మింగ్‌హామ్‌లోని బీఎస్ఏ కంపెనీ సైన్యానికి ఇచ్చిన ఎం20లు లక్షా పాతికవేల పైచిలుకు. యుద్ధం అయ్యాక ఇక్కడ మిగిలినవాటిని సర్కారు అమ్మేసింది. మాస్టారిది అలా చేతులు మారి వచ్చిందే. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. తుపాకుల కంపెనీ అది, అందుకే గుర్తు కూడా ఒకదానికొకటి ఆనించిన మూడు తుపాకులు. ఇంజను 496 సీసీ, బలం 13 హార్స్‌పవర్. ఇప్పటి కుర్రాళ్ల 150 సీసీ బండి కూడా దాన్ని దాటేస్తుంది. కానీ బురదలో, బరువుతో, ఏ పెట్రోలు దొరికితే దానితో నడవాలి, అందుకే అలా చేశారు.

మొదటి దెబ్బ స్పానర్లు కొట్టాయి. 13 మిల్లీమీటర్లది పట్టదు, 14 జారిపోతుంది. జారిన ప్రతిసారీ నట్టు మూలలు గుండ్రబడతాయి. మనం పుట్టేసరికే దేశం మెట్రిక్‌కి మారిపోయింది, ఈ బండికి ఆ కబురు అందలేదు. దీనికి విట్‌వర్త్ స్పానర్లు కావాలి, పాత ఇంగ్లీషు అంగుళాల కొలతవి. వాటి మీద 1/4 అని ఉంటుంది, మూతి కొలిస్తే అరంగుళం పైమాటే. ఆ అంకె బోల్టు కాడ మందానిది. ఇది అర్థమయ్యేలోపు నాలుగు నట్లు పాడుచేశాను.

పిస్టన్ పట్టేసింది. ప్లగ్గు రంధ్రంలో డీజిలు, ఇంజనాయిలు కలిపి పోసి పన్నెండు రోజులు వదిలేశాను. రోజూ పొద్దున్నే వెళ్లి కిక్ రాడ్ మీద చెయ్యివేసి చూసేవాణ్ని. పదమూడో రోజు వెంట్రుకవాసి కదిలింది. సైడ్‌వాల్వ్ ఇంజను కాబట్టి హెడ్డు అంటే ఒట్టి మూత. వాల్వులు పక్కన బ్లాకులోనే ఉంటాయి. విప్పడం తేలిక. టాంకు లోపలి తుప్పుకి మాత్రం గులకరాళ్లు, చింతపండు పులుసు వేసి ఊపించాను. ఇత్తడి బిందెలకు మా అమ్మ వాడిన మందే.

ఇక బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం లోపలి వ్యాసం. కొత్తలో 82 మిల్లీమీటర్లు. అరిగింది ఎంతో చూసి, దానికి తగ్గట్టు గోడ చెక్కించి పెద్ద పిస్టన్ వేయాలి. ఇంట్లో ఉన్న వెర్నియర్ తీసి కొలిచాను, 82.5 వచ్చింది. అంటే 20 సైజు పిస్టన్‌తో తేలదు, 40 కావాలి. (ఈ సైజులు అసలు కొలత కన్నా ఎంత ఎక్కువో చెబుతాయి, అంగుళంలో వెయ్యోవంతుల లెక్క. 20 అంటే సుమారు అర మిల్లీమీటరు.) ఇంగ్లండు నుంచి తెప్పించాను, రావడానికి మూడు నెలలు పట్టింది. బ్లాకు, పిస్టన్ తీసుకుని బోరింగు షాపుకెళ్తే ఆయన డయల్ గేజి పెట్టి చూసి, ‘‘ఇది ఎవరు కొలిచారు సార్?’’ అన్నాడు. ‘‘నేనే.’’ ‘‘82.3 ఉంది. 20 సైజుకే సరిపోయేది. ఒక బోరు దండగ.’’

ఇంటికొచ్చి వెర్నియర్ దవడలు మూసి చూశాను. సున్నా సున్నాకి ఎదురుగా లేదు. 0.2 ఎక్కువ చూపిస్తోంది. రికార్డులో మొదటి గడి అదే కదా, జీరో ఎర్రర్. నేను ప్రతిసారీ ‘లేదు’ అని నింపిన గడి. బోరు కొట్టిన ప్రతిసారీ బ్లాకు గోడ పలచబడుతుంది, ఎన్నిసార్లంటే అన్నిసార్లు కొట్టడానికి లేదు. మాస్టారి బండి ఆయుష్షులో ఒక విడత నా అశ్రద్ధకి పోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తిప్పలు అక్కడితో తీరలేదు. స్టార్టయ్యాక నాలుగు కిలోమీటర్లు తిరిగేది, వేడెక్కగానే ఆగిపోయేది, చల్లారితే మళ్లీ పలికేది. కార్బురేటర్ మూడుసార్లు విప్పాను. తప్పు దానిది కాదు, ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే మాగ్నెటోది. దాని తీగచుట్ట మీద పూసిన లక్క వేడికి కరుగుతోంది, లోపలి కండెన్సర్ చచ్చిపోయింది. చెన్నైలో చుట్టించాను. మాగ్నెటోలో కరెంటు తెంచే పాయింట్ల గ్యాపు అంగుళంలో పన్నెండు వెయ్యోవంతులు. అది మాత్రం మూడుసార్లు కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను, మూడూ నా సొంత రీడింగులే.

వచ్చే జనవరి మన బ్యాచ్ సమ్మేళనానికి బండి మీదే వస్తున్నాను. కిక్ కొట్టాలని ఉన్నవాళ్లకి ముందే చెబుతున్నాను: చెప్పులతో వద్దు. ఎడమ చేతి దగ్గర లీవరుతో నిప్పురవ్వ టైమింగు వెనక్కి లాగకుండా కొడితే కాలు తిరగ్గొడుతుంది. గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు. ఆయిల్ కారుతుంది, అది రిపేరుకి లొంగేది కాదు. లేబ్ మెట్ల దగ్గరే నిలబెడతాను కాబట్టి, ఎవరైనా ఒక అట్టముక్క తెస్తే బాగుంటుంది.