టేపు దాచేస్తే గానీ వంకర రాలేదు

మాది కావలి. ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. మిగిలిన ముక్కలు పారేయడానికి చేతులు రాక, మిషన్ కింద బియ్యం సంచిలో కుక్కుతూ వచ్చాను. ఈ ఆషాఢంలో పెళ్లిళ్లు లేక పని పలచబడితే ఆ సంచి బోర్లించాను, అతుకుల బొంత కుడదామని. అదీ కొలతల ప్రకారం కాదు, వంకరటింకరగా.

ఆ పిచ్చి పట్టింది ఫోన్‌లో ఒక ఫొటో చూసి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పాత పని బట్టలతో కుట్టుకున్న బొంతల్ని 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ప్రదర్శించారు. 2006లో తపాలా బిళ్లల మీద కూడా వేశారు. మా అవ్వ బొంత గోడకెక్కలేదు గానీ, చూడ్డానికి వాటి చెల్లెల్లాగే ఉండేది.

పని చెప్పుకుంటే చిన్నదే. మధ్యలో ఒక ముక్క. దాని ఒక వైపు పట్టీ కుట్టి, విప్పి ఇస్త్రీ చేసి, పట్టీ బయటి అంచును కావాలనే ఏటవాలుగా కత్తిరించాలి. తిప్పి రెండో వైపు, మళ్లీ మూడో వైపు. చుట్టూ అలా తిరుగుతూ పోతే ఒక బిళ్ల తయారవుతుంది, అందులో గళ్లు ఒరిగిపోయినట్టు వస్తాయి.

నాకు రాలేదు! చెయ్యి దానంతటదే సుద్దముక్క తీసుకుంటుంది, గీత తిన్నగా పడుతుంది. మొదటి మూడు బిళ్లలూ చక్కగా, చదరంగా వచ్చాయి. మా అత్త చూసి, "ఏందమ్మే, వంకరగా కుడతానని ఇంత తిన్నగా కుట్టావే" అని నవ్వి, టేపూ సుద్దా తీసుకెళ్లి తన పెట్టెలో పెట్టేసింది. నాలుగో బిళ్లకి గానీ చెయ్యి వదులు కాలేదు.

వంకరొచ్చాక ఇంకో టెన్షన్. బిళ్లలు మధ్యలో బుడగల్లా ఉబ్బాయి. జాకెట్ మెడకి క్రాస్ పీస్, అంటే ఏటవాలుగా కత్తిరించిన పట్టీ, వేసేదే అది సాగుతుందని. ఆ సంగతి తెలిసీ, ఏటవాలు అంచుల మీద ఇస్త్రీ పెట్టెను బరబరా లాగాను. సాగక ఏమవుతుంది? ఆరు బిళ్లలు విప్పి మళ్లీ కుట్టాను. ఆ తర్వాత పెట్టెను లాగకుండా, అదిమి ఎత్తుతూ వచ్చాను. జారిపోయే పట్టు, జార్జెట్ ముక్కల్ని కూడా తీసేసి నూలువే ఉంచాను.

తీరా కలపబోతే ఏ రెండూ సమంగా లేవు. అప్పుడు ఎనిమిదిన్నర అంగుళాల అట్ట చదరంగా కోసి, ప్రతి బిళ్ల మీదా పెట్టి చుట్టూ కత్తిరించాను. అటూ ఇటూ పావంగుళం చొప్పున కుట్టులో పోతే ఎనిమిది మిగులుతుంది. లోపల ఎంత వంకరైనా పోనీ, బయటి అంచులు తేడా వస్తే బొంత పడుకోదు. టేపు అడిగితే అత్త వెంటనే ఇచ్చేసింది, అదొక ఆశ్చర్యం.

వరసకి అయిదు చొప్పున ఆరు వరసలు, మొత్తం 30 బిళ్లలు. లోపల పాత నూలు చీర రెండు మడతలు వేసి, వెనక ఇంకో చీర. చేతి కుట్టంతా అత్తదే.

ఆరేసిన రోజు పక్కింటి అక్క వచ్చి ఒక మూల పట్టుకుని, "ఇది నా కలంకారీ జాకెట్ గుడ్డ కదూ? అప్పుడు చెయ్యికి చాల్లేదన్నావే!" అంది.