శనివారం మెత్తబడే కళ్లు

మంగళవారం, శుక్రవారం పొద్దున్నే డ్రెస్డెన్ పసుపు ట్రామ్‌లో ఒళ్లో ఐస్ బాక్స్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. లోపల డజను పంది కళ్లు, కబేళా నుంచి ల్యాబ్‌కి. ఎదుటి సీట్లో పెద్దావిడ ఒకసారి "చేపలా?" అని అడిగింది. నాకొచ్చిన జర్మన్‌లో నిజం చెప్పే ధైర్యం లేక "యా" అనేశాను.

నాకు కావలసింది కంటి ముందు అద్దంలా ఉండే కార్నియా. కెరటోకోనస్ అనే జబ్బులో అది పలచబడి, శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. మా చిన్నమ్మ కొడుక్కి పంతొమ్మిదో ఏట వచ్చింది. హైదరాబాద్‌లో కంట్లో పసుపుపచ్చ చుక్కలు వేసి, లైటు కింద అరగంట పడుకోబెట్టారు. ఆ చుక్కలు రైబోఫ్లావిన్, అంటే బి2 విటమిన్. ఆ లైటు అతినీలలోహిత కాంతి. రెండూ కలిసి కార్నియాలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల మధ్య కొత్త ముడులు వేసి దాన్ని గట్టిపరుస్తాయి. ఈ వైద్యం రూపుదిద్దుకుంది డ్రెస్డెన్‌లోనే, రోగుల మీద తొలి ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. ఫోన్‌లో చెబితే వాడు, "అయితే నా కన్ను మీ ఊరిదేనా అన్నయ్యా!" అన్నాడు.

గట్టిపడిందని తెలిసేదెలా? పాత పద్ధతిలో కార్నియాని పట్టీలుగా కోసి లాగి చూసేవాళ్లు. బతికున్న మనిషి కంటితో ఆ పని చేయలేం కదా. మా మైక్రోస్కోప్ అసలు ముట్టుకోదు. ఏ పదార్థంలోనైనా వేడివల్ల సన్నటి ధ్వని తరంగాలు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. లేజర్ కాంతి వాటికి తగిలి చెదిరినప్పుడు దాని ఫ్రీక్వెన్సీ రవ్వంత మారుతుంది. సాధారణంగా గట్టిదానిలో ధ్వని వేగం ఎక్కువ, కాబట్టి ఆ మార్పూ ఎక్కువ. లియాన్ బ్రిల్లువాన్ అనే ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త 1922లోనే ఈ లెక్క కట్టాడు. మనం పుచ్చకాయని తట్టి చూస్తామే, అలాంటిదే. కాకపోతే ఇక్కడ తట్టక్కర్లేదు, కాయ తనంతట తనే మోగుతూ ఉంటుంది. మా 780 నానోమీటర్ల లేజర్‌తో నీళ్లని చూస్తే వచ్చే మార్పు సుమారు 5 గిగాహెర్ట్జ్, అసలు కాంతి ఫ్రీక్వెన్సీ ఏమో 3,84,000 గిగాహెర్ట్జ్. ఇంత చిన్న తేడాని విడదీసే విపా అనే గాజుపలకతో 2008లో స్కార్చెల్లి, యున్ అనే పరిశోధకులు ఎలుక కంటి కటకాన్ని చూపించాకే ఈ పని జీవకణజాలాల వైపు ఊపందుకుంది.

ఇండియా అనగానే ఇక్కడ అందరూ రామన్ పేరెత్తుతారు. నేను ఊరుకోకుండా, ఆయన దగ్గర పనిచేసిన సూరి భగవంతం గారు 1930లలో మా వాల్తేరులో కాంతి పరిక్షేపణం, అంటే కాంతి చెదరడం మీదే పరిశోధన చేశారని కలుపుతాను. విన్నవాళ్లు మర్యాదగా తలూపి కాఫీకి పోతారు.

ఆ చలికాలం నా లెక్కలు అడ్డం తిరిగాయి. వైద్యం చేసిన కార్నియా చేయనిదానికంటే గట్టిగా కనిపించాలి. నా గ్రాఫులో రెండూ దాదాపు ఒకటే. రైబోఫ్లావిన్ మార్చాను, దీపం పవర్ కొలిచాను, అద్దాలన్నీ మళ్లీ సర్దాను. నెలన్నర టెన్షన్. చివరికి విసుగొచ్చి ఒక శనివారం కంటికి బదులు గిన్నెలో ఉత్త నీళ్లు పెట్టాను. శుక్రవారం కంటే 30 మెగాహెర్ట్జ్ తక్కువ! నేను వెతుకుతున్న తేడా కూడా పదుల మెగాహెర్ట్జ్‌లలోనే. కన్ను మెత్తబడిందంటే నమ్మొచ్చు, నీళ్లెలా మెత్తబడతాయి?

సోమవారం హౌస్‌మైస్టర్‌ని, అంటే బిల్డింగ్ చూసుకునే ఆయన్ని, పట్టుకున్నాను. ఆయన మాట్లాడకుండా నన్ను మా గది తలుపు దగ్గరికి తీసుకెళ్లి ఒక కాగితం మీద వేలు పెట్టాడు. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటిదాకా హీటింగ్ తగ్గిస్తామని అచ్చ జర్మన్‌లో ఉంది. అక్టోబర్ నుంచీ అక్కడే ఉంది. రోజూ దాన్ని తోసుకునే లోపలికి వెళ్తున్నాను.

గది మూడు డిగ్రీలు చల్లబడితే నీళ్లలో ధ్వని వేగం తగ్గుతుంది, ఆ 30 మెగాహెర్ట్జ్ అక్కడిదే. స్కేలు సరిచూసుకునే నీళ్ల గొట్టం వేడి మారని పెట్టెలో ఉండటంతో తేడా బయటపడలేదు. వైద్యానికి టైమ్ పడుతుంది కాబట్టి ఆ కళ్లన్నీ నేను శనివారాలే కొలిచాను. జర్మన్ సహోద్యోగుల డేటాలో ఈ తప్పు లేదు, ఎందుకంటే శనివారం పనిచేసే మహానుభావుణ్ణి నేనొక్కణ్ణే.

మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టే స్టేజికి హీటర్ బిగించాక వైద్యం చేసినవి గట్టిగానే తేలాయి. బాస్‌కి చూపిస్తే, "ముడుల వల్ల గట్టిపడిందా, నీళ్లు పోయి గట్టిపడిందా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. కార్నియాలో ముప్పాతిక భాగం నీళ్లే, అవి కాస్త తగ్గినా మా మీటరు గట్టిదనే చెబుతుంది. అందుకే ఇప్పుడు ప్రతి కార్నియానీ కొలిచే ముందు, కొలిచాక కూడా తూకం వేస్తున్నాను.

మొన్న తలుపు మీద కొత్త కాగితం అంటించారు. ఫోన్‌లో డిక్షనరీ తీసి, చలిలో నిలబడి, అడుగున సంతకం దాకా చదివాను. సైకిళ్లు మెట్ల కింద పెట్టొద్దట.