చిన్నోడు ఒక్కడే దిగుతాడట

పొద్దున్నే బరంపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్ళాం, అత్తయ్య సముద్రం చూసి చాలా రోజులైంది. ఒడ్డున చేపలు బేరమాడుతుంటే విశాఖ నుంచి తమ్ముడి ఫోన్. వచ్చే ఆదివారం ఫ్రెండ్‌కి కుదరదట, అందుకని రుషికొండ వైపు స్కూబాకి, అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపల ఈదడానికి, వీడొక్కడే దిగుతాడట. "పది మీటర్లే అక్కా, టెన్షన్ పడకు" అన్నాడు.

అప్పట్నుంచీ నాకు టెన్షనే. వాడు కోర్సు చేసినప్పుడు పాఠాలు ఒప్పజెప్పించుకున్నది నేనే కదా. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు, అక్కణ్ణుంచి భయంతో ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా పైకొచ్చేస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. నిమిషానికి 9 మీటర్లు మించకుండా రావాలి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి, ఇవన్నీ వాడికి కంఠతా వచ్చు. కానీ సిలిండర్‌లో గాలి అయిపోతే ఏం చేస్తాడు? సిలిండర్ గాలిని నోటికందించే రెగ్యులేటర్, తను పెట్టుకునేది కాక ఇంకోటి తగిలించుకునేదే పక్కవాడికి గాలి ఇవ్వడానికి. పక్కన ఎవరూ లేకపోతే వీడికిచ్చేదెవరు?

ఒంటరిగా దిగేవాళ్ళు లేరని కాదు. దానికి వేరే ట్రైనింగ్ ఉంది, డైవింగ్ నేర్పే సంస్థ ప్యాడీ వాళ్ళు ఆ కోర్సులో చేరడానికే 100 డైవులు చేసి ఉండాలంటారు, విడిగా ఇంకో గాలి సిలిండర్ కూడా మోసుకెళ్ళడం నేర్పిస్తారు. మావాడివి 14.

ఇక్కడి నోలియా జాలర్లు తెలుగువాళ్ళే. నా మొహం చూసి చేపల తాత ఏమైందమ్మా అన్నాడు, చెప్పాను. వల బాగుచేస్తున్న చెయ్యి ఆపేసి, "తెగిన వలలు అడుగున రాళ్ళకి పట్టుకుని ఉంటాయమ్మా. వీపెనకాల తగులుకుంటే తన చెయ్యి తనకందదు, ఇంకోడు కొయ్యాల" అన్నాడు. సిలిండర్ వాల్వు ఉండేదీ మెడ వెనకే. ఆ మాట విన్నాక చేపలు ఏం కొన్నానో కూడా చూసుకోలేదు.

రాత్రి వాడికి ఫోన్ చేసి తాత మాట చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "చూస్తాలే అక్కా" అన్నాడు. ఆ మాట నాకు చాలదు. లాగ్‌బుక్కులో ప్రతి డైవ్ కిందా తోడు దిగినవాళ్ళు సంతకం పెట్టే చోటుంటుంది, ఆదివారం సాయంత్రం ఆ పేజీ ఫొటో తీసి పంపమన్నాను.