ఎర్రనీళ్ల కెమిస్ట్రీ

నిన్న తెల్ల చొక్కా మీద సాంబారు ఒలికింది. బట్టల సబ్బు రుద్దగానే పసుపు మరక కాస్తా ఎర్రగా మారింది. చొక్కా పోయిందనుకున్నా. పదో తరగతి చదివే మా అమ్మాయి నింపాదిగా నిమ్మచెక్క తెచ్చి పిండింది. మళ్లీ పసుపు! "సబ్బు క్షారం, నిమ్మరసం ఆమ్లం నాన్నా. పసుపేమో రంగు మారి ఏది ఏదో చెప్పే సూచిక" అంది.

నేనూ చదివినవాణ్ణే. ఆమ్ల, క్షార గుణాల కొలత పీహెచ్ 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పదిరెట్లు... అన్నీ బట్టీ. లిట్మస్ అనే మరో సూచిక రంగులు తిరగేసి రాసి మార్కులూ పోగొట్టుకున్నా (ఇది అమ్మాయికి చెప్పలేదు). మా అమ్మ పసుపునీళ్లలో చిటికెడు సున్నం కలిపి, ఎర్రనీళ్లతో నాకెన్నిసార్లు దిష్టి తీసిందో! అదీ ఇదేనని ఒక్కనాడూ తట్టలేదు.

మరక ఇంకా ఉంది. ఎండలో ఆరేశా.