ఎవరూ లేని వారికి ఒక దీపం

ఎండన పడి ఇంటికి వచ్చిన మనిషికి ముందు మంచినీళ్ళు ఇస్తాం, కుశల ప్రశ్నలు తర్వాత. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో జరిగే ‘మృతుల దినం’ పండుగకు, పోయినవారి కోసం ఇంట్లో పేర్చే పీఠం మీద గ్లాసు నిండా నీళ్ళు పెట్టేది కూడా అందుకే. పోయినవారు ఏడాదికొకసారి ఇల్లు వెతుక్కుంటూ వస్తారనీ, అంత దూరం నడిచి దాహంతో వస్తారనీ వారి నమ్మకం. ఆ పీఠాన్ని ‘ఒఫ్రెండా’ అంటారు. దాని మీద ఫోటోలు, కొవ్వొత్తులు, ఉప్పు, ఆ పండుగకే కాల్చే తీపి రొట్టె ఉంటాయి. పక్కన కోపాల్ అనే చెట్టు బంక ధూపం. మొదటి రోజు చిన్నతనంలోనే పోయిన పిల్లలది, రెండో రోజు పెద్దలది. పిల్లల వంతుకు బొమ్మలు, మిఠాయిలు పెడతారు. తాతకు చుట్ట అలవాటుంటే చుట్టే పెడతారు. పోయాక కూడా ఆయన అలవాట్లను సంస్కరించే పని ఎవరూ పెట్టుకోరు.

వీధి గుమ్మం నుంచి పీఠం దాకా బంతిపూల రేకులు చల్లుతారు. ఆ ఘాటు వాసన పట్టుకుని వస్తారట. మనం బతుకమ్మలో పేర్చే బంతి, గుమ్మానికి కట్టే బంతి మనదే అనుకుంటాం కానీ దాని పుట్టిల్లు మెక్సికో. సముద్రాలు దాటి మనకు చేరింది. దాని అక్కడి పేరు ‘సెంపసూచిల్’. అక్కడి ఆదివాసుల నహువాటల్ భాషలో ‘ఇరవై పూలు’ అని దానికి అర్థం. స్పెయిన్ వారు రాకముందే అక్కడ పోయిన పిల్లలకొకటి, పెద్దలకొకటి వేర్వేరుగా పండుగలుండేవి. తర్వాత చర్చి పండుగల తేదీలతో కలిసిపోయాయి. మెక్సికో నగరంలో అస్థిపంజరాల వేషాలతో జరిగే పెద్ద ఊరేగింపు మాత్రం 2016లో మొదలైంది, అదీ ఒక జేమ్స్ బాండ్ సినిమాలో అలాంటిది చూపించాక. దాని సంగతి ఇక్కడ అక్కర లేదు.

నా మనసు నిలిచిపోయింది యుకతాన్ ద్వీపకల్పంలోని పోముచ్ అనే ఊరి దగ్గర. అది కంపెచే రాష్ట్రంలో మాయా అనే ఆదివాసీ ప్రజల ఊరు. అక్కడ మనిషిని పూడ్చిన మూడేళ్ళ తర్వాత ఎముకలు బయటికి తీసి చిన్న చెక్కపెట్టెలో పెడతారు. ఏటా పండుగ ముందు ఇంటివారు వెళ్ళి, ఒక్కొక్క ఎముకనూ బయటపెట్టి కుంచెతో, గుడ్డతో దుమ్ము తుడుస్తారు. పెట్టెలో పాత బట్ట తీసేసి, పూలు కుట్టిన కొత్త బట్ట పరుస్తారు. కపాలాన్ని అన్నిటికన్నా పైన ఉంచుతారు. తుడుస్తున్నంతసేపూ వారితో మాట్లాడుతూనే ఉంటారు.

ఆ ఫోటోలు మొదటిసారి చూసినప్పుడు నా మనసు ఒప్పలేదు. మనకు అస్థులంటే ఏరి, కుండలో పెట్టి, గోదావరిలో కలిపి, తలస్నానం చేసి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేవి. కానీ ఒక ఫోటోలో ముసలామె కపాలం నుదుటిని బొటనవేలితో మెల్లగా తుడుస్తోంది. పసివాడికి నీళ్ళు పోశాక తల తుడిచేటప్పుడు చెయ్యి ఎలా కదులుతుందో అలాగే. శ్రాద్ధం అన్న మాటలోనే శ్రద్ధ ఉందని చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చాను. దానికి రూపం ఇలా ఉంటుందని అప్పుడు తెలిసింది.

ఈ పండుగను అక్కడ ‘హనల్ పిషాన్’ అంటారు, అంటే ఆత్మల భోజనం. మొక్కజొన్న పిండిలో కోడిమాంసం పెట్టి, అరటాకుల్లో చుట్టి, నేలలో గొయ్యి తవ్వి నిప్పుల మీద పూడ్చి వండుతారు. అన్నీ అమర్చాక ఇంటి బయట, గుమ్మం దగ్గరో చెట్టు కొమ్మకో, విడిగా కాస్త ఆహారం, ఒక దీపం ఉంచుతారు. అది తమవారికి కాదు. తలుచుకోవడానికి ఎవరూ మిగలని ఒంటరి ఆత్మకు. లోపలికి రావడానికి మొహమాటపడుతుందేమో అని బయటే పెడతారని నేను అనుకుంటాను.

మన తర్పణంలోనూ ఈ చోటు ఉంది. తండ్రి, తాత, ముత్తాత అని గోత్రనామాలతో అందరికీ నీళ్ళు వదిలాక, తల్లీ తండ్రీ బంధువులూ ఎవరూ లేని వారి కోసం కూడా ఒక మంత్రం చదువుతారు. అందులో ‘తే సర్వే తృప్తిమాయాంతు’ అని వస్తుంది. భావం: వారందరూ తృప్తి పొందుదురు గాక. మహాలయ అమావాస్య నాడు మా నాన్న దక్షిణముఖంగా కూర్చుని నల్ల నువ్వులూ నీళ్ళూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి వదులుతుంటే, చెంబుతో నీళ్ళు అందించడం నా పని. పేర్లన్నీ అయిపోయాక కూడా నాన్న చెయ్యి చాపే ఉంచేవారు.

“ఇంకా ఎవరికి నాన్నా?” అని అడిగాను ఒకసారి.

“పొయ్,” అన్నారు. పోశాను.