ఆ ఉత్తరం ఇవ్వవలసిందే

‘సీతారామం’ చూసి ఏడవనివాళ్లు లేరంటారు. నిజమే కావచ్చు. కానీ ఎక్కడ ఏడ్చారో ఒక్కొక్కరినీ అడిగి చూడండి, ఒకరు చెప్పిన చోటు మరొకరు చెప్పరు. 2022 ఆగస్టులో సినిమా విడుదలైన కొత్తలోనే శ్రీకాకుళంలో హాలుకు వెళ్లి చూశాం, నేనూ మా కోడలూ మనవరాలూ. తర్వాత అది ఇళ్లలో టీవీకి వచ్చాక మా వీధివాళ్లను పిలిచి అందరితో కలిసి మళ్లీ చూశాను. ఆనాడు మనవరాలికీ నాకూ మొదలైన వాదన ఇప్పటికీ తెగలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ముగింపు కూడా చెప్పక తప్పదు కాబట్టి, ఇంకా చూడనివాళ్లు చూసి వచ్చి చదవండి.

కథ క్లుప్తంగా చెబుతాను. 1964లో కశ్మీరులో పనిచేస్తున్న లెఫ్టినెంట్ రామ్‌కు నా అన్నవాళ్లు లేరు. ఆ సంగతి రేడియోలో విని ఎక్కడెక్కడివాళ్లో అతనికి ఉత్తరాలు రాస్తారు. వాటిలో ఒకటి భార్య సీతామహాలక్ష్మి రాసినట్టుగా ఉంటుంది. పంపినవారి చిరునామా మాత్రం ఉండదు. ఆ సీత నిజానికి హైదరాబాదు రాచకుటుంబంలో పుట్టిన నూర్జహాన్. ఇద్దరికీ ప్రేమ కుదిరాక రామ్ ఒక ఆపరేషన్ మీద సరిహద్దు దాటి వెళ్లి అక్కడ చిక్కుపడతాడు. తోటి అధికారి విష్ణు శర్మ తిరిగి వస్తాడు, రామ్ రాడు. పైపెచ్చు ద్రోహి అన్న నింద మీద పడుతుంది. చెరలో ఉండి అతను సీతకు రాసిన ఉత్తరం ఇరవై ఏళ్లు పాకిస్తాన్ సైన్యాధికారి ఒకరి దగ్గరే ఉండిపోయి, 1985లో ఆయన మనవరాలు ఆఫ్రీన్ చేతుల మీదుగా మన దేశం చేరుతుంది.

అందరికీ ఇది రామ్, సీతల కథ. నాకు ఆ ఉత్తరం కథ. దానికి కారణం ఉంది.

కళింగపట్నం వెళ్లే దారిలో ఒక పల్లెలో నేను బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేశాను. మా ఇంటి ముందుగదే పోస్టాఫీసు. ఒక బల్ల, ఒక ఇనప్పెట్టె, తేదీ ముద్ర, సిరా మెత్త, ఇంతే సరంజామా. సబ్ పోస్టాఫీసు నుంచి సైకిలు మీద సంచి వచ్చేసరికి అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని ఉండేవారు. చాలామంది సైన్యానికి కొడుకులనిచ్చిన తల్లులు. మా జిల్లా పిల్లలు సైన్యంలో ఎంతమంది ఉన్నారో ఇక్కడివాళ్లకు చెప్పనవసరం లేదు. తెల్లవారుజామున ఏ ఊరి రోడ్డు మీదకు వెళ్లినా సెలక్షన్ల కోసం పరుగు సాధన చేసే కుర్రవాళ్లు కనిపిస్తారు.

ఆ పిల్లలు రాసే నీలం రంగు ఇన్‌లాండ్ కవరు మీద పంపినవారి చిరునామాలో నంబరు, హోదా, పేరు, యూనిట్, చివర ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అనో ‘కేరాఫ్ 99 ఏపీఓ’ అనో ఉండేది. ఏపీఓ అంటే సైన్యం పోస్టాఫీసు. ఊరి పేరు ఉండదు. సైనికుడు ఎక్కడున్నాడో కవరు చూసినవాళ్లకు తెలియకూడదు. తల్లులకు అది అర్థమయ్యేది కాదు. “ఏ ఊళ్లో ఉన్నాడు పిన్నీ?” అని అడిగేవారు. “యాభై ఆరు” అని నేను ఎలా చెప్పను? “చలి దేశంలోనే ఉన్నాడమ్మా, స్వెటరు వేసుకుంటున్నాడట” అని ఉత్తరంలో ఉన్నదే ఒక ముక్క చదివి వినిపించేదాన్ని.

చదువు రాని తల్లి ఉత్తరం ఎలా వింటుందో దగ్గర నుంచి చూసినవాళ్లకే తెలుస్తుంది. ‘ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను’ అన్న మొదటి వాక్యం అయ్యేదాకా ఊపిరి బిగబట్టి ఉంటుంది. అది విన్నాక భుజాలు కిందికి దిగుతాయి. ఆ తర్వాత డబ్బు సంగతి, పొలం సంగతి, చెల్లెలి పెళ్లి సంగతి ఎంత చదివినా సగం చెవినే వింటుంది. అంతా అయ్యాక కవరు చేతికి తీసుకుని, అక్షరాలు ఉన్న వైపు కాకుండా, బంక రాసి అంటించిన మడత మీద వేలు పెట్టి తడుముతుంది. నాలుకతో తడిపి అంటించింది కొడుకే కదా. నేనున్నన్నాళ్లూ ఒక తల్లి అలా చేయడం చూశాను.

1999 వేసవి, కార్గిల్ రోజులు. నెల దాటినా ఉత్తరం రాని ఇళ్లు మా ఊళ్లో ఉండేవి. రేడియో పెడితే భయం, పెట్టకపోతే భయం. అప్పుడు అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లలో ఒకరు కూడా “ఉత్తరం రాకపోతేనే మంచిది, ఆశ మిగులుతుంది” అనలేదు. ఈ మాటకు మళ్లీ వస్తాను.

హాలులో సంగతి చెబుతాను. వెనక వరసల్లో కాలేజీ పిల్లలు పాటలకు ఈలలు వేసి గోల చేస్తూనే ఉన్నారు. చివరి అరగంటలో మాట్లాడినవాడు లేడు. లైట్లు వేశాక కొందరు లేవకుండా అలాగే కూర్చున్నారు. ఒక అబ్బాయి స్నేహితుడి భుజం మీద తల పెట్టి ఏడుస్తుంటే, ఆ స్నేహితుడు ఎవరూ చూడకుండా చేతిలో కర్చీఫు కుక్కాడు. మగపిల్లలు నలుగురిలో అలా ఏడవగలగడం నాకు ఎంతో బాగుంది.

మా కోడలు ఏడ్చింది అక్కడ కాదు. నూర్జహాన్ రాజభోగమంతా వదులుకుని రామ్ కోసం బయలుదేరినప్పుడు. తానూ పుట్టింటివాళ్లకు ఇష్టం లేని పెళ్లి చేసుకుని మా ఇంటికి వచ్చింది. రామ్ చనిపోయాడని తెలిసే చోట తనకు కన్నీళ్లు రాలేదని, “అత్తయ్యా, నా మనసు అంత కఠినమా?” అని ఆటోలో అడిగింది. ఎంత మాట! తన ఏడుపు అప్పటికే ఏడ్చేసింది, అంతే.

నాకైతే మొదటి సగంలోనే ఒకసారి గొంతు పట్టుకుంది. ‘కానున్న కళ్యాణం’ పాట మొదలైనప్పుడు. అది రాసిన సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు అనకాపల్లిలో పెరిగిన మనిషి, మా ఉత్తరాంధ్ర వాడు. 2021 నవంబరు 30న పోయారు. ఆయన లేకుండా విడుదలైన సినిమాలో ఆయన మాటలు పెళ్లి కళతో వినిపిస్తుంటే నేను ఆ జంటను చూడలేకపోయాను, పాటనే విన్నాను. తెర మీద అంతా సంతోషంగా ఉన్న ఘట్టం అది. పక్కన మనవరాలు నన్ను వింతగా చూసింది.

ఇంట్లో చూసిన రోజు ఇంకో తీరుగా గడిచింది. మా ఎదురింట్లో రిటైరైన హవల్దారు గారు ఉన్నారు. ఆయన భార్యా వచ్చింది. రామ్ ఆపరేషన్‌కు బయలుదేరే ఘట్టం రాగానే ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి, ఎవరూ అడగని టీ పెట్టడం మొదలుపెట్టింది. చివరిదాకా తిరిగి రాలేదు. మేమెవరం పిలవలేదు. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సెలవు అయిపోయిన ప్రతిసారీ ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కించి వచ్చిన మనిషికి ఆ ఘట్టం సినిమా ఎలా అవుతుంది?

హవల్దారు గారు ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. చెరలో శత్రువుకు రహస్యం చెప్పేసి తాను బయటపడ్డాడని మిగిలినవాళ్లంతా విష్ణు శర్మను తిట్టిపోస్తుంటే మాత్రం ఆయనకు కోపం వచ్చింది. “శత్రువు చేతిలో పడినవాడి గురించి సోఫాలో కూర్చుని తీర్పు చెప్పకూడదమ్మా” అన్నారు. గది నిశ్శబ్దమైపోయింది. తిరిగి వచ్చినవాడు ఆ ఇరవై ఏళ్లు ఎలా బతికి ఉంటాడో సినిమా ఇంకా చూపించవలసిందని ఆయన అభిప్రాయం. విష్ణు శర్మ వేషం వేసిన సుమంత్ ముఖంలో అది కొంత కనిపించిందని నేనన్నాను. చాలలేదన్నారు. ఆ రోజు మా గదిలో కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లెవరూ ఆయన అంత దగ్గరగా ఆ సినిమాను చూడలేదని నేను నమ్ముతాను. ఏడిస్తేనే మనసు కరిగినట్టు లెక్కవేయడం అన్యాయం.

ఇక మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ. ఎచ్చెర్ల దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. ఆ రోజు బుట్ట దించి, గుమ్మం దగ్గరే కూర్చుని రెండో సగమంతా చూసింది. అక్కడి మగవాళ్లు ఏటా గుజరాత్ వేరావల్‌కు బోట్ల మీద పనికి వెళ్తారని మా జిల్లాలో అందరికీ తెలుసు. 2018 నవంబరులో అలా వేటకు వెళ్లిన మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు సరిహద్దు జలాలు దాటారని పాకిస్తాన్‌వాళ్లు పట్టుకుపోయారు. కరాచీ జైల్లో పెట్టారు. 2020 జనవరి 6న ఇరవై మందిని వాఘా దగ్గర మనవాళ్లకు అప్పగించారు. ఏడాదికి పైగా ఆ ఊళ్లలో ఇల్లాళ్లు ఎలా గడిపారో ఆవిడ కళ్లారా చూసింది. వంట చేసి పిల్లలకు పెట్టేవారట, తాము మాత్రం ఎదురుగా పళ్లెం పెట్టుకుని కూర్చునేవారట. బొట్టు పెట్టుకోవాలన్నా అద్దం ముందు చేయి ఆగిపోయేదట.

సీత ఆ ఉత్తరం చదివే చోట, అందరూ ముక్కులు తుడుచుకుంటుంటే, ఆవిడ ముఖం తేటపడటం గమనించాను. సినిమా అయ్యాక, “ఏమ్మా, నీకు ఏడుపు రాలేదా?” అని అడిగాను. “పోయాడని ఇంతకాలానికి చెప్పారు కదమ్మా. ఇక ఆ తల్లి ఎదురుచూపు తీరింది” అంది. బుట్ట ఎత్తమంది, ఎత్తాను.

మా మనవరాలి పక్షం దీనికి పూర్తిగా ఎదురు. విశాఖలో ఇంజినీరింగ్ చదువుతోంది, మనసు మెత్తనిది, హాలులో అందరికంటే ఎక్కువ ఏడ్చింది కూడా తనే. తన మాట ఇది: “నానమ్మా, ఆఫ్రీన్ ఆ ఉత్తరం ఇవ్వకుండా ఉండవలసింది. ఇరవై ఏళ్లు సీత రామ్ వస్తాడనుకుంటూ బతికింది. మిగిలిన బతుకు కూడా అలాగే గడిచిపోయేది. ఆ ఉత్తరం వచ్చి రామ్‌ను రెండోసారి చంపింది.”

తన దుఃఖం నాకు అర్థమవుతుంది. ప్రేమించిన మనిషి ఎక్కడో ఒకచోట బతికి ఉన్నాడని అనుకోవడంలో సుఖం ఉంటుందని ఇరవై ఏళ్ల వయసులో ఎవరికైనా అనిపిస్తుంది. కానీ నేను ఒప్పుకోను. ఆఫ్రీన్ తెచ్చిన ఆ కవరు మీద ఏముందో చూడండి. ఉన్న పేరు సీతామహాలక్ష్మి, చిరునామా హైదరాబాదులో నూర్జహాన్ ప్యాలెస్. ఆ ప్యాలెస్‌లో ఆ పేరు గలవాళ్లు లేరు. పోస్టాఫీసు పద్ధతిలో అయితే ‘చిరునామాదారు తెలియదు’ అని రాసి వెనక్కి పంపేయవలసిన కవరు అది. అలా పంపేసి ఉంటే ఎవరూ తప్పుపట్టరు. ఎవరిదో తెలియని ఆ ఉత్తరాన్ని, మొదట్లో ఏమాత్రం ఇష్టం లేకుండానే అయినా, ఆ పిల్ల ఊరూరా తిరిగి అసలు మనిషి చేతిలో పెట్టింది. నాకు కన్నీళ్లు వచ్చింది అక్కడ. రామ్ కోసం కాదు, సీత కోసం కూడా కాదు. బట్వాడా అయినందుకు.

ఉత్తరం ఒకసారి రాశాక అది ఎవరి పేరున రాశారో వాళ్లది. అందులో చావు ఉందని మనం జాలిపడి దాచిపెడితే, ఆ జాలి మన కోసమే, వాళ్ల కోసం కాదు. 1965, 1971 యుద్ధాలలో తప్పిపోయి తిరిగి రాని మన సైనికులు 54 మంది పాకిస్తాన్ జైళ్లలో ఉన్నారేమోనని ప్రభుత్వం దగ్గరే ఒక జాబితా ఉంది. ఆ ఇళ్లలో భార్యలు ముసలివాళ్లయిపోయారు, కొందరు పోయారు కూడా. వాళ్లను కూర్చోబెట్టి “ఏ కబురూ రాకపోవడమే మీకు మేలు” అని చెప్పగలమా? తద్దినం పెట్టాలో, పుట్టినరోజుకు పాయసం వండాలో తెలియని ఇల్లు అది. ఆశ అని మనం బయట నుంచి పేరు పెడతాం గానీ లోపల ఉన్నవాళ్లకు అది రోజూ కొత్తగా తగిలే దెబ్బ. పైగా రామ్ ఉత్తరం చావు కబురొక్కటే తేలేదు. తనవాడు ద్రోహి కాడన్న నిజం కూడా తెచ్చింది. ఇరవై ఏళ్లు ఆ నింద మోసిన ఆడదానికి ఆ నిజం అందకుండా ఆపే హక్కు ఆఫ్రీన్‌కు లేదు, మా మనవరాలికీ లేదు, నాకూ లేదు.

ఇదంతా ఫోనులో చెప్పాను. “నువ్వు పోస్టాఫీసు వైపు మాట్లాడుతున్నావు నానమ్మా” అంది. సీత వైపు మాట్లాడుతున్నానన్నాను. మళ్లీ చూసిందట, మళ్లీ అదే అంటోంది. సీత కళ్లలో వెలుగు ఆరిపోవడం తను చూడలేనంటోంది. సంక్రాంతి సెలవులకు వస్తోంది. చేపల ఆవిడనూ, హవల్దారు గారి భార్యనూ పిలిచి, వాళ్ల ముందు కూర్చుని ఆ మాటే చెప్పమన్నాను. సరేనంది.